ఎనిమిదో రోజు ఎవరొస్తారు? కర్నూలు రోడ్ల మీద విద్యార్థుల వారం

కర్నూలు రోడ్ల మీద పడుకునే నిరాశ్రయుల కోసం అనంతపురం విద్యార్థులు డిసెంబరులో వారం రోజులు పెట్టే సేవా శిబిరం ఎలా నడపాలో ఇది. అనంతపురం నుంచి కర్నూలుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్టీసీ బస్సులో మూడు గంటల పైమాటే. గుత్తి, ప్యాపిలి, డోన్, వెల్దుర్తి. కిటికీ పక్క సీట్ల గొడవ సద్దుమణిగి, గుత్తి కోట వెనకబడ్డాక చేయాల్సిన మొదటి పని పిల్లల సంచులు విప్పించి చూడటం. వద్దని ఎన్నిసార్లు చెప్పినా సగం మంది పాతబట్టల మూటలు తెస్తారు. మెరుపుల చీర, తమ్ముడికి పొట్టిదైన జీన్సు ప్యాంటు, మామ పెళ్లినాటి కోటు. ఇవన్నీ తిరుగు బస్సులో ఇంటికే పోవాలి. రోడ్డు పక్కన పడుకునే మనిషికి జీన్సు శిక్ష. తడిస్తే రెండు రోజులు ఆరదు, మోయాలంటే బరువు, నడుము కొలత కుదరదు. అదే లుంగీ అయితే కట్టుకోవచ్చు, కప్పుకోవచ్చు, పరుచుకోవచ్చు, మూట కట్టుకోవచ్చు. ఎండలో గంటసేపు ఆరేస్తే చాలు. ఆడవాళ్లకు నైటీ, లోలంగా, తువ్వాలు. ఎవరూ ఇవ్వనివీ, అందరికీ కావలసినవీ లోదుస్తులు. అవి కొత్తవే కొనాలి, అదీ లెక్క తేలాక కర్నూలులోనే.

ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రత్యేక శిబిరం ఏడు రోజులు. మామూలుగా 50 మంది వలంటీర్లతో దత్తత గ్రామంలో పెడతారు. చెరువు కట్ట మీద కంపచెట్లు కొట్టడానికి 50 మంది బాగుంటారు గానీ, నిద్రపోతున్న మనుషుల మధ్య రాత్రి నడవడానికి ఆ సంఖ్య దండయాత్ర అవుతుంది. నగరంలో నిరాశ్రయుల పనికి 24 మంది, ఇద్దరు అధ్యాపకులు చాలు. నలుగురేసి ఆరు జట్లు, ప్రతి జట్టులో ఇద్దరమ్మాయిలు. వీళ్లు కాక కర్నూలులోనే చదువుకునే ఎనిమిది మంది విద్యార్థులు మొదటి రోజు నుంచీ వెంట ఉండాలి. ఈ ఏర్పాటు నెల ముందే కుదరాలి. కుదరకపోతే ప్రయాణం మానుకోవడమే మేలు. ఎందుకో ఐదో రోజుకు తెలుస్తుంది.

మొదటి రోజు: కాగితాలు, ఖాళీ చేతుల నడక

మధ్యాహ్నానికి దిగి, భోంచేసి, అనుమతి పత్రాల నకళ్లు పంచుకోవాలి. నగరపాలక సంస్థ కమిషనరుకు ఒకటి, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మాకు ఒకటి, తిరగబోయే ప్రాంతాల టౌన్ పోలీస్ స్టేషన్లకు ఒక్కోటి, రైల్వే స్టేషన్ మాస్టరుకు ఒకటి ముందే ఇచ్చి ఉండాలి. ముద్ర పడిన నకలు ప్రతి జట్టు జేబులో ఉండాలి. రాత్రి బీటు పోలీసు ఆపి అడిగేది ఆ కాగితమే. కర్నూలు సిటీ స్టేషన్‌కు వెళ్లే జట్టు ప్లాట్‌ఫాం టికెట్లు కొనాలి. 10 రూపాయల టికెట్టు రెండు గంటలకే చెల్లుతుంది. కబుర్లలో పడి మూడో గంట దాటిస్తే జరిమానా.

సాయంత్రం గంటసేపు మాట్లాడే పద్ధతి నేర్పాలి. వరసలు పెట్టి పిలవాలి: అవ్వా, తాతా, అన్నా, అక్కా. 'అంకుల్' అంటే మొహం తిప్పుకుంటారు. నిలబడి వంగి మాట్లాడకూడదు. రెండు చేతుల దూరంలో, పక్కవాటుగా, నేల మీద కూర్చోవాలి. ఎదురుగా కూర్చుంటే దారి మూసినట్టుంటుంది. మొదటి మాట ఎప్పుడూ "మీకు ఇల్లు లేదా?" కాకూడదు. "బువ్వ తిన్నావా?" అనడం కూడా తొందరే, ఏదో ఇస్తారన్న ఆశ పుడుతుంది. "అన్నా, ఈడ ఈ టైముకు టీ యాడ దొరుకుతాది?" అని అడగాలి. ఆయనకు తెలిసిన సంగతి, మనకు తెలియని సంగతి. అక్కడి నుంచి మాట దానంతటదే సాగుతుంది.

రాత్రి తొమ్మిదిన్నరకు బస్టాండు నుంచి రాజ్‌విహార్ మీదుగా కొండారెడ్డి బురుజు, పాత బస్టాండు దాకా నడక. చేతుల్లో ఏమీ ఉండదు. బిస్కెట్ పొట్లం కూడా వద్దు. మొదటి రాత్రి ఏదైనా పంచితే రెండో రాత్రి లెక్క పాడవుతుంది, నిజంగా అక్కడ పడుకునేవాళ్లతో పాటు పంపకం కబురు విన్నవాళ్లూ చేరతారు. టార్చి వెలుగు నేల మీదే పడాలి. నిద్రపోతున్నవాళ్లను లేపకూడదు. దుప్పటి ముసుగులో ఉన్న మనిషిని తట్టి లేపితే ముందు చెయ్యి విసురుతాడు, తర్వాతే కళ్లు తెరుస్తాడు. తప్పు ఆయనది కాదు, రాత్రిపూట తట్టి లేపినవాళ్లు ఎప్పుడూ మంచికి లేపలేదు. ఫోటోలు ఏడు రోజులూ బంద్.

ఆ రాత్రి పిల్లలు గమనించాల్సింది ఒక్కటే: ఎవరు ఎక్కడ, ఎందుకు అక్కడే పడుకున్నారు. ఏటీఎం మెట్ల మీద ఉన్నవాళ్లు వెలుగు కోసం. హోటల్ వెనక సందులో ఉన్నవాళ్లు పొయ్యి గోడ వెచ్చదనం కోసం. మార్కెట్ యార్డు గేటు దగ్గరివాళ్లు తెల్లవారుజామున ఉల్లిగడ్డల లారీ దించే పని కోసం. చోటు వెనక కారణం తెలియకుండా "షెల్టర్‌కు రా తాతా" అంటే ఎవరూ రారు.

రెండో రోజు: తలల లెక్క

పగలంతా పటం పని. నగరాన్ని ఆరు ముక్కలు చేసుకోవాలి: రైల్వే స్టేషను, బస్టాండు, పెద్దాసుపత్రి, బురుజు నుంచి పాత బస్టాండు, మార్కెట్ యార్డు నుంచి సి.క్యాంపు రైతుబజారు, తుంగభద్ర ఒడ్డున సంకల్‌బాగ్ ఘాట్ వైపు గుళ్లు, దర్గాలు. ప్రతి ముక్కనూ పగటి వెలుగులో ఒకసారి నడిచి చూడాలి. తెరిచిన మురుగు కాలువ, కుక్కల గుంపు, వెలగని వీధి దీపం ఎక్కడున్నాయో పటం మీద గుర్తుపెట్టుకోవాలి. రాత్రి కాలువలో దిగబడిన కాలు మర్నాటి పని అంతా ఆపేస్తుంది.

జనగణనలో నిరాశ్రయులంటే ఇల్లు అనదగ్గ కట్టడంలో లేనివాళ్లు: రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ల మీద, పెద్ద సిమెంటు తూముల్లో, వంతెనల కింద, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫాంల మీద ఉండేవాళ్లు. 2011లో దేశమంతా వీళ్లను ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కసారే లెక్కించారు. 17.7 లక్షలకు పైగా తేలారు. ఒకే రాత్రి ఎందుకంటే, రెండు రాత్రులైతే ఒకే మనిషి రెండు చోట్ల లెక్కకొస్తాడు. శిబిరానికీ అదే సూత్రం. ఆరు జట్లూ రాత్రి 11కే మొదలుపెట్టి 1కి ముగించాలి. ఇంకాస్త ముందు వెళ్తే ప్రయాణికులు కలిసిపోతారు. నాలుగు తర్వాత అయితే యార్డు పనివాళ్లు లేచి వెళ్లిపోయుంటారు, పారిశుద్ధ్య కార్మికులు ఊడ్చడం మొదలుపెడతారు.

కాగితం మీద ఆరు గళ్లు చాలు: చోటు, మగ లేదా ఆడ, వయసు అంచనా, ఒంటరా కుటుంబమా, కింద ఏం పరుచుకున్నారు, పైన ఏం కప్పుకున్నారు. ముసుగు తన్నినవాళ్లను 'తెలియదు' గడిలో వేయాలి, ఊహించి మగ అని రాయకూడదు. మెలకువగా ఉండి మాట్లాడినవాళ్లకు ఏడో గడి: చెప్పు సైజు. తర్వాత చెప్పులు కొనేటప్పుడు ఈ గడి విలువ తెలుస్తుంది. సైజు అడక్కుండా కొన్న చెప్పుల్లో సగం మూలన పడతాయి.

లెక్క తప్పే చోట్లు కర్నూలులో మూడు. మొదటిది పెద్దాసుపత్రి. ఆవరణలో, చెట్ల కింద, వరండాల్లో పడుకున్నవాళ్లలో చాలామంది రోగుల బంధువులు. నంద్యాల నుంచో ఆదోని నుంచో గద్వాల నుంచో వచ్చి, లాడ్జికి డబ్బుల్లేక పడుకున్నవాళ్లు. వాళ్లకు ఇల్లుంది, ఆ వారానికి లేదు. వేరే గడిలో రాయాలి. వాళ్ల అవసరం కూడా వేరు: మరుగుదొడ్డి, తాగునీళ్లు, ఫోను చార్జింగు. రెండోది బస్టాండు, స్టేషను. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోయే కుటుంబాలు గిన్నెలు, బియ్యం మూట, పసిపిల్లలతో రాత్రి ఆగుతాయి. గుంటూరు మిరప చేలకో తెలంగాణ పత్తి చేలకో పోతాయి. వాళ్లూ వేరే గడే. మూడోది అన్నిటికన్నా కష్టం: ఒంటరి ఆడవాళ్లు. చాలామంది రాత్రి పడుకోరు. వెలుగున్న చోట కూర్చుంటారు, లేదంటే నడుస్తూ ఉంటారు. పగలు గుడి నీడనో ఆసుపత్రి వరండాలోనో కునుకు తీస్తారు. కాబట్టి ఆడవాళ్ల లెక్కకు మర్నాడు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య అమ్మాయిలు మాత్రమే మరోసారి తిరగాలి.

మూడో రోజు: షెల్టర్

పట్టణ నిరాశ్రయుల వసతి పథకం 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో భాగంగా వచ్చింది. అది పెట్టిన కొలతలు ఇవి: లక్ష జనాభాకు ఒక వసతి గృహం, ఒక్కోదానిలో కనీసం 50 మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు, ఏడాది పొడవునా రాత్రింబవళ్లు తెరిచి ఉండాలి. కర్నూలు నగర జనాభా 2011 నాటికే నాలుగు లక్షలు దాటింది, పక్కన గుణకారం పిల్లలే చేసుకుంటారు. వెళ్లిన షెల్టర్‌లో టేపు పట్టుకుని హాలు కొలిపించడం మంచి అలవాటు. పొడవు, వెడల్పు, మంచాల సంఖ్య, మరుగుదొడ్లు, తాళం పడే లాకర్లు. నిర్వాహకుల మీద ఫిర్యాదుకు కాదు, తర్వాత ఎంతమందిని పంపొచ్చో తెలియడానికి.

జనం షెల్టర్‌కు ఎందుకు రారో గోడలు చూస్తే అర్థం కాదు, గేటు చూస్తే అర్థమవుతుంది. పది గంటలకు తాళం పడితే యార్డు హమాలీ మూడింటికి బయటికి పోలేడు. చెత్త ఏరుకునే మనిషి తన మూడు చక్రాల బండిని రోడ్డు మీద వదిలి లోపల పడుకోలేడు, తెల్లారేసరికి బండి ఉండదు. భార్యాభర్తలను విడదీస్తే ఇద్దరూ రారు. తాగినవాళ్లను రానివ్వకపోతే, చలి ఎక్కువ తగిలేవాళ్లే బయట మిగులుతారు. బండికి లోపల చోటు, ఒక గొలుసు, ఒక తాళం చూపిస్తే ఇద్దరు ముగ్గురు మర్నాడే వస్తారు. వంద ఉపన్యాసాల పని గొలుసు చేస్తుంది.

ఇక శుభ్రం. మరుగుదొడ్లకు, స్నానాల గదికి బ్లీచింగ్ పౌడరు లీటరు నీటికి 30 గ్రాములు కలిపితే సుమారు ఒక శాతం ద్రావణం అవుతుంది. డబ్బా తెరిచి చాలా రోజులైన పౌడరు పనిచేయదు, ఘాటు వాసన రాకపోతే పారేయాలి. ప్రతి శిబిరంలోనూ ఎవరో ఒకరు అత్యుత్సాహంతో బ్లీచింగ్ మీద మరుగుదొడ్డి యాసిడ్ పోస్తారు. క్లోరిన్ వాయువు లేస్తుంది, చిన్న గదిలో ఊపిరాడదు. కాబట్టి యాసిడ్ సీసా ఆ రోజు గదిలోకే రాకూడదు.

నల్లులకు బ్లీచింగ్ ఏమీ చేయదు. స్ప్రే కొడితే పక్క మంచానికి పాకుతాయి. వేడి ఒక్కటే మందు. ఇనుప మంచాలను బయటికి తెచ్చి కీళ్లలో, గొట్టాల చివర్లలో, పట్టీల మడతల్లో మరుగుతున్న నీళ్లు పోయాలి. ఒక్కో మంచానికి ఏడెనిమిది లీటర్లు. చేతికి గ్లౌజులు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. కర్నూలు ఎండ పేరు చెప్పి పరుపులు డిసెంబరులో ఆరేస్తే నల్లులు నీడ వైపు జరిగి కూర్చుంటాయి, చావవు. పరుపులు మరీ పాడైతే మార్పించడమే. దుప్పట్లు, దిండు గలీబులు వేడి నీటిలో ఉతకాలి.

నాలుగో రోజు: వంట, ఆ తర్వాతే దుప్పట్లు

పొద్దున షెల్టర్‌లో ఉగ్గాని. సీమలో పళ్లూడిన ముసలివాళ్లకు ఇంతకన్నా మంచి ఫలహారం లేదు. జొన్నరొట్టె పెడితే గౌరవంగా తీసుకుని జేబులో పెట్టుకుంటారు, నమలలేరు. 60 మందికి బొరుగులు 5 కేజీలు, ఉల్లిగడ్డలు 3 కేజీలు, టమాటాలు 2 కేజీలు, పచ్చిమిర్చి 300 గ్రాములు, పుట్నాల పొడి ముప్పావు కేజీ, నూనె లీటరు. బొరుగులను నీటిలో ముంచి వెంటనే పిండాలి. నానబెట్టి మాట్లాడుకుంటూ నిలబడితే పిండి ముద్దవుతుంది. 5 కేజీలూ ఒకేసారి కలపకుండా ఎనిమిది వాయిలుగా చేయాలి. సీమ వంటవాడి చెయ్యి మిర్చి దగ్గర ఆగదు, పక్కన ఒకరు నిలబడి ఆపాలి. గుట్కా, బీడీలతో నోరు పొక్కినవాళ్లు కారం తినలేక మొత్తం వదిలేస్తారు.

రాత్రికి బయట పంచడానికి 120 పొట్లాలనుకుందాం. పెరుగన్నం వద్దు, పులుస్తుంది. సాంబారన్నం వద్దు, కారుతుంది. నిమ్మకాయ చిత్రాన్నం నిలబడుతుంది. మనిషికి 140 గ్రాముల బియ్యం చొప్పున 17 కేజీలు, నిమ్మకాయలు 65 నుంచి 70, శెనక్కాయ విత్తనాలు కేజీన్నర, నూనె 2 లీటర్లు, పచ్చిమిర్చి 600 గ్రాములు, పసుపు 60 గ్రాములు, ఉప్పు 350 గ్రాములతో మొదలుపెట్టి రుచి చూసుకోవాలి. పక్కన ఉడికించిన గుడ్డు, పెంకుతోనే. ఒలిచిన గుడ్డు తొందరగా పాడవుతుంది, మురికి చేతుల్లో ఇంకా తొందరగా. అన్నాన్ని వెడల్పు పళ్లాల్లో ఆరబోసి ఆవిరి పోయాకే విస్తరాకుల్లో కట్టాలి. వేడిగా కట్టేస్తే ఆవిరి నీరై పొట్లం జిగురు పడుతుంది. కట్టిన రెండు గంటల్లో తినే మనిషి చేతికి చేరాలి. అలా చేరదనుకుంటే తక్కువ వండాలి.

పంచే వేళ రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర. తొమ్మిది దాటితే తినేసి ఉంటారు, తాగి ఉంటారు, లేదా నిద్రలో ఉంటారు. అంతకుముందు రెండు రోజుల్లో ఎక్కడ ఎవరు తిండి పెడుతున్నారో రాసుకుని ఉండాలి. అన్న క్యాంటీన్లో పూటకు 5 రూపాయలు. గురువారం బాబా గుళ్ల దగ్గర, శుక్రవారం దర్గాల దగ్గర, పెళ్లిళ్ల రోజుల్లో కల్యాణ మండపాల వెనక అన్నం మిగిలిపోతుంది. బస్టాండు ముందు ఆదివారం మూడు బళ్లు వచ్చి పంచితే నాలుగో పొట్లం కుక్కకు. అదే రాత్రి ఏటి ఒడ్డున ఎవరూ వచ్చి ఉండరు.

ఒక జాగ్రత్త. ఐదారు రోజులుగా దాదాపు ఏమీ తినక సోలిపోయిన మనిషి కనిపిస్తే పొట్లం చేతిలో పెట్టి పోకూడదు. ఒక్కసారిగా కడుపునిండా తింటే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. 108కు ఫోన్ చేయాలి. బండి వచ్చేదాకా స్పృహలో ఉంటే రెండు మూడు గుక్కల పలచని గంజి, అంతే.

ఇక దుప్పట్లు. లెక్కలో తేలిన సంఖ్య మీద పదో వంతు ఎక్కువ కొనాలి. 5 అడుగులకు ఏడున్నర అడుగులు, బరువు కేజీన్నర లోపు, ముదురు రంగు, సంస్థ పేరు ముద్రించనిది. కురుబల గొంగడి చలికి మొనగాడే గానీ పగలంతా మోయడం కష్టం. డిసెంబరు చలి పైనుంచి కన్నా కింది నుంచి ఎక్కువ తగులుతుంది, సిమెంటు నేల ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకే దుప్పటితో పాటు ఆరడుగుల టార్పాలిన్ పట్ట లేదా రెండు గోతాలు కలిపి కుట్టిన పరుపు ఇస్తేనే దుప్పటి పని చేస్తుంది. రెండూ పట్టే సంచి మూడోది. సంచి లేకపోతే పగలు దుప్పటిని గోడ సందులో దాస్తారు, ఊడ్చేవాళ్లు చెత్తబండిలో వేస్తారు. "ఇస్తే అమ్ముకుంటారు సార్" అనే మాటకు మా జవాబు ఒకటే: అమ్ముకున్నవాళ్లు కొందరుంటారు, పోగొట్టుకున్నవాళ్లు వాళ్లకన్నా ఎక్కువ, పోగొట్టుకోవడానికి కారణం సంచి లేకపోవడం.

వ్యాను ఆపి పంచితే తొక్కిసలాట. చీటీలు ఇస్తే చీటీలు చేతులు మారతాయి. లెక్క రాసిన జట్టే అదే వీధికి పోయి, మొహాలు గుర్తుపట్టి, ఒక్కొక్కరికీ వేరువేరుగా ఇవ్వాలి. నిద్రపోతున్నవాళ్ల మీద కప్పి రావడం చూడటానికి బాగుంటుంది, లేచేసరికి దుప్పటి ఉండదు.

ఐదో రోజు: నీళ్లు, కత్తెర, మందు

వైద్య శిబిరం పొద్దున పదింటికి పెడితే పనికి పోయినవాళ్లు రారు, పనికి పోలేనివాళ్లు మాత్రమే వస్తారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మంచి వేళ. క్షవరం, గడ్డం కలిపి ఒక్కొక్కరికి 15 నుంచి 20 నిమిషాలు. నలుగురు మంగలివాళ్లు నాలుగు గంటల్లో 50 మందికి చేయగలరు. ప్రతి తలకూ కొత్త బ్లేడు, వాడిన బ్లేడ్లకు మూతున్న డబ్బా. స్నానానికి మనిషికి 40 లీటర్ల గోరువెచ్చని నీళ్లు, అంటే 200 లీటర్ల డ్రమ్ము ఐదుగురికే. నీళ్ల లెక్క వేయకపోతే ఆరో మనిషి సబ్బు నురగతో నిలబడతాడు. నీటి వేడిని విద్యార్థి మోచేత్తో చూడాలి. షుగరున్నవాళ్లకు పాదాల్లో స్పర్శ ఉండదు, కాలుతున్నా చెప్పరు.

గజ్జి ఎక్కువ. డాక్టరు రాసే మందు సాధారణంగా 5 శాతం పెర్మెత్రిన్ లేపనం. మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద కూడా పూసి 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి. పెద్దవాళ్లకు సుమారు 30 గ్రాముల గొట్టం ఒకటి పడుతుంది. ఒకే చోట పడుకునే అందరికీ ఒకే రాత్రి పూయాలి, లేకపోతే చుట్టూ తిరిగి వస్తుంది. బట్టలు వేడి నీటిలో ఉతకాలి, ఉతకలేనివి మూడు రోజులు బిగించిన ప్లాస్టిక్ సంచిలో పెట్టాలి. రెండో పూత వారం తర్వాత. ఐదో రోజు పూసిన మందుకు రెండో పూత పన్నెండో రోజు వస్తుంది. అనంతపురం పిల్లలు అప్పటికి పరీక్షలు రాస్తుంటారు. కర్నూలు పిల్లలు ఎనిమిది మంది కావాలన్నది ఇందుకే.

కుక్కకాటు సంగతీ అంతే. సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు తర్వాత 3, 7, 28 రోజులకు మళ్లీ వెళ్లాలి. క్యాలెండరు లేని మనిషికి 28వ రోజు ఎవరు గుర్తుచేస్తారు? రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, ఒళ్లు చిక్కిపోవడం ఉంటే కఫం పరీక్ష. క్షయ తేలితే మందులు ఉచితం, మామూలు క్షయకు ఆరు నెలలు. పోషకాహారానికి నెలకు ఇచ్చే మొత్తం 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలైంది, కానీ అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా సంగతి ఆరో రోజు.

విద్యార్థులు చేయకూడనివి కూడా గట్టిగా చెప్పాలి. పురుగులు పట్టిన పుండును కెలకకూడదు, శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి. రోజూ తాగే మనిషిని "ఈ రోజు నుంచి మానెయ్ అన్నా" అని ఒట్టు వేయించకూడదు. ఒక్కసారిగా మానితే వణుకు, చెమటలు, లేనివి కనపడటం, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. మానాలనుకుంటే డాక్టరు దగ్గరే.

తనలో తాను మాట్లాడుకుంటూ, గుడ్డల మూటలతో తిరిగే మనిషి విషయంలో చట్టం స్పష్టం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో నూరో సెక్షన్ ప్రకారం, తన సంగతి తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మానసిక రోగిని రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ అధికారి బాధ్యత. 24 గంటల్లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లూ వాకిలీ లేని మనిషైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ నమోదు చేసి కుటుంబం కోసం వెతకాలి. ఆ పేజీ ముద్రించి జేబులో పెట్టుకుంటే మాట తొందరగా తెగుతుంది. సలహాకు టెలీ మానస్ 14416 ఉంది.

ఆరో రోజు: కాగితాల రోజు

అన్నిటికన్నా విసుగు పుట్టే రోజు, అన్నిటికన్నా ఎక్కువ మిగిలే రోజు. ఆధార్ లేదన్నవాళ్లలో చాలామందికి నిజంగా లేనిది కార్డు. నంబరు ఎప్పుడో పుట్టే ఉంటుంది. కేంద్రానికి తీసుకెళ్లి వేలిముద్రతో వెతికించాలి. హమాలీల వేళ్లు అరిగి ముద్ర పడదు, అప్పుడు కంటిపాపతో చూడమని అడగాలి. పాత ఫోను నంబరు పోయుంటే ఓటీపీ రాదు, ముందు ఆ నంబరు మార్పించాలి. అసలే లేనివాళ్లకు గుర్తింపు పొందిన షెల్టర్ అధికారి ఇచ్చే ధ్రువపత్రం చిరునామాకు పనికొస్తుంది. పగలు పనికి పోయేవాళ్లు ఒక రోజు కూలి పోగొట్టుకుని వరుసలో నిలబడతారు, కాబట్టి కేంద్రంలో ముందే సమయం తీసుకోకుండా ఎవరినీ వెంటపెట్టుకుపోకూడదు.

ఓటుకు ఇల్లు అక్కర్లేదు. ఆరో నంబరు ఫారంలో రాత్రి పడుకునే చోటే చిరునామాగా రాయొచ్చు. బూత్ లెవెల్ అధికారి ఒకటికన్నా ఎక్కువ రాత్రులు వచ్చి మనిషి అక్కడే పడుకుంటున్నట్టు చూస్తే వేరే రుజువు అడగరు.

పింఛను దగ్గర మాత్రం నోరు అదుపులో పెట్టుకోవాలి. రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4000 రూపాయలు, సచివాలయ సిబ్బంది ఒకటో తేదీన గడప దగ్గరికి తెచ్చిస్తారు. గడప లేనివాళ్లకు అది షెల్టర్ చిరునామా మీదే కుదరాలి, దానికి ముందు ఆధార్, బియ్యం కార్డు వరుసగా కావాలి. "పింఛను ఇప్పిస్తాం అవ్వా" అని పద్దెనిమిదేళ్ల పిల్ల మాటిస్తే, ఆ అవ్వ ప్రతి ఒకటో తేదీనా గేటు దగ్గర కూర్చుంటుంది. "అర్జీ రాసిస్తాం అవ్వా" అనాలి. అర్జీ రాసి, రసీదు తీసుకుని, రసీదును ప్లాస్టిక్ కవర్లో పెట్టి కుట్టి ఇవ్వాలి. కాగితం వానలో, చెమటలో వారం కూడా నిలవదు.

ఏడో రోజు: నోటుబుక్కు

పొద్దున మిగిలిన సరుకు లెక్క: దుప్పట్లు, చెప్పులు, సబ్బులు, సానిటరీ ప్యాడ్లు. ఇవి షెల్టర్ బీరువాలో, సంతకం పెట్టిన జాబితాతో. హడావిడిగా చివరి గంటలో రోడ్డు మీద పంచేయకూడదు.

ఆ తర్వాత 200 పేజీల నోటుబుక్కు ఒకటి. పేజీకో మనిషి. రాసేది నాలుగు ముక్కలే: పిలిచే పేరు, పడుకునే చోటు, మొదలుపెట్టిన పని, దాని తర్వాతి తేదీ. గజ్జి రెండో పూత ఫలానా తేదీ. కఫం ఫలితం ఫలానా తేదీ. ఆధార్ రసీదు నంబరు. కుక్కకాటు 28వ రోజు సూది. ప్రతి తేదీ ఎదురుగా కర్నూలు విద్యార్థి ఒకరి పేరు, ఆయన చేతి సంతకం. ఒక్కొక్కరికి ఎనిమిది పేజీలకు మించి పడకూడదు, పడితే ఏదీ జరగదు. పేరు దొరకని పేజీలు కొన్ని మిగులుతాయి. వాటిని చింపకుండా, ఎర్ర సిరాతో సున్న చుట్టి షెల్టర్ మేనేజరుకు విడిగా చూపించాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆరు జట్లూ తమ తమ వీధుల్లో చివరిసారి తిరుగుతాయి. వీడ్కోలు చెప్పడానికే కాదు, కర్నూలు పిల్లలను పక్కన నిలబెట్టి "తాతా, గురువారం వచ్చేది ఈ అబ్బోడు, మేం కాదు, గుర్తుపెట్టుకో" అని చూపించడానికి. మూడున్నర బస్సుకు బయల్దేరితే చీకటి పడే వేళకు అనంతపురం.